కీళ్లు లెక్కపెట్టే గదిలో మనసు మాట: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్ల సంగతి

కీళ్లు వాచి నొప్పెట్టే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్న మనిషిని స్పెషలిస్టు పరీక్ష చేసేటప్పుడు 28 కీళ్లను వరసగా నొక్కి చూస్తారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ల కణుపులు, మోకాళ్లు. ఎన్నింటిలో నొప్పి ఉంది, ఎన్నింటిలో వాపు ఉంది అని రాసుకుంటారు. రక్తపరీక్ష కాగితంలో, ఒంట్లో వాపు ఎంతుందో తెలిపే ఈఎస్‌ఆర్ ఎంతుందో చూస్తారు. ఆఖరున రోగినే అడుగుతారు, మొత్తం మీద ఎలా ఉందో 0 నుంచి 100 లోపు ఒక అంకె చెప్పమని. ఈ నాలుగింటినీ లెక్కకట్టగా వచ్చిన స్కోరును బట్టి మందు పెంచాలా, మార్చాలా, అలాగే ఉంచాలా అని నిర్ణయిస్తారు. పద్ధతి మంచిదే, ప్రపంచమంతా వాడుతున్నదే. కాకపోతే ఆ లెక్కలో పాదాల కీళ్లు లేవు. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, రేపటి మీద ఆశ ఉందా అన్నవీ లేవు.

అడగనిది చాలామంది చెప్పరు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం, లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2023లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రుమటాయిడ్ ఆర్థ్రైటిస్, లూపస్ లాంటి జబ్బులున్న 1,853 మందిని, వాళ్లకు వైద్యం చేసే 289 మందిని ప్రశ్నించారు. తమ మానసిక ఇబ్బందుల గురించి డాక్టరుకు ఎప్పుడూ చెప్పలేదనో, ఎప్పుడో ఒకసారి చెప్పామనో అన్న రోగులు సగానికి పైనే ఉన్నారు. చాలావరకు డాక్టరూ రోగీ ఒకే భాష మాట్లాడుకునే చోట్ల పరిస్థితి ఇది. ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఉండే తెలుగు మనిషికి ఆ సౌకర్యం కూడా ఉండదు.

ముందు జబ్బుల సంగతి. మన ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఒంటి మీదే తిరగబడటం, అంటే కంచే చేను మేసినట్టు అవడం, వీటన్నింటిలో ఉన్న మూల లక్షణం. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో ఆ దాడి ఎక్కువగా కీళ్ల పొరల మీద జరుగుతుంది. లూపస్‌లో చర్మం, కిడ్నీలు, రక్తం, గుండె చుట్టూ ఉండే పొర, మెదడు, ఏదైనా కావచ్చు. షోగ్రెన్స్‌లో కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు ఎండిపోతాయి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ వెన్నెముకను పట్టుకుంటుంది. మన దేశంలో పెద్దవాళ్లలో నూటికి అర నుంచి ముప్పావు మందికి, అంటే వెయ్యికి ఐదారుగురు, ఏడెనిమిది మందికి రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉంటుందని అంచనా. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. లూపస్ అయితే పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పిల్లల్ని కనే వయసులో ఉన్నవాళ్లు.

వీళ్లలో కుంగుబాటు ఎంత? 2013లో వచ్చిన ఒక సమీక్ష 72 అధ్యయనాలను కలిపి చూసింది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ ఉన్నవాళ్లలో సైకియాట్రిస్టు లెక్క ప్రకారం పెద్ద డిప్రెషన్ అని తేలినవాళ్లు 16.8 శాతం. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టికతో చూస్తే ఆ అంకె 38.8 శాతానికి వెళ్లింది. ఇంత తేడా ఎందుకంటే, ఆ తొమ్మిదింటిలో నీరసం, నిద్ర, ఆకలి లాంటివి ఉన్నాయి, కీళ్లజబ్బు ఒక్కటే ఉన్నా వాటికి మార్కులు పడతాయి. కాబట్టి పెద్ద అంకెను చూసి బెంబేలు పడక్కర్లేదు, చిన్న అంకెను చూసి తేలిగ్గా తీసుకోవడమూ సరికాదు. ఆరుగురిలో ఒకరు అంటే చిన్న విషయం కాదు. లూపస్‌లో 2017 నాటి సమీక్ష ప్రకారం పెద్ద డిప్రెషన్ దాదాపు 24 శాతం మందిలో, ఆందోళన 37 శాతం మందిలో కనిపించింది.

‘అంత నొప్పి ఉంటే ఎవరికైనా దిగులే కదా’ అని చాలామంది డాక్టర్లూ, బంధువులూ తేల్చేస్తారు. సగం నిజం. మిగతా సగం ఒంట్లోనే జరుగుతుంది. కీళ్లను వాచేలా చేసే రసాయనాలు, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ లాంటివి, మెదడు పనితీరునూ మారుస్తాయి. గట్టి జ్వరం వచ్చినప్పుడు ఎవరితోనూ మాట్లాడాలనిపించకపోవడం, తిండి సయించకపోవడం, ముసుగుతన్ని పడుకోవాలనిపించడం అందరికీ తెలిసినవే. ఆ స్థితి మూడు రోజుల్లో పోకుండా ఏళ్ల తరబడి సన్నగా నడుస్తూ ఉంటే డిప్రెషన్‌కీ దానికీ గీత గీయడం కష్టం. దీనికి గట్టి సాక్ష్యం వేరే జబ్బు నుంచి దొరికింది. ఒకప్పుడు హెపటైటిస్-సి రోగులకు ఇలాంటి రసాయనమే అయిన ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫా సూదులు ఇచ్చేవారు. అంతకుముందు మామూలుగా ఉన్నవాళ్లలోనూ దాదాపు నలుగురిలో ఒకరు కొన్ని నెలల్లోనే డిప్రెషన్‌లోకి జారారు. లూపస్ ఉన్న చాలామంది ఒంట్లో అదే ఇంటర్‌ఫెరాన్ సూది వేయకుండానే ఎక్కువగా ఊరుతుంది. ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పేముందు ఈ సంగతి గుర్తుంటే మంచిది.

ఇక ఊళ్ల సంగతి. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సుగా ఏర్పడినప్పుడు గీత పడిన తీరును బట్టి ఇవి అటు చేరాయి. చాలా ఇళ్లల్లో తెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. పర్లాకిమిడి నుంచి శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఆటోలో వెళ్లివచ్చే దూరం. రాష్ట్రం ఒడిశా అయినా పెద్దాసుపత్రి అంటే ఈ పట్టణవాసుల్లో చాలామందికి ముందు తట్టేది విశాఖపట్నం, ఎందుకంటే బరంపురం తప్ప మిగతా ఊళ్లకు భువనేశ్వర్ కంటే అదే దగ్గర. బరంపురం వాళ్లకు సొంత ఊళ్లోనే ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. కోరాపుట్ వైపు వాళ్లకు 2017 నుంచి శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఉంది. రుమటాలజిస్టు, అంటే ఈ జబ్బుల స్పెషలిస్టు, కావాలంటే మాత్రం చాలామంది విశాఖో, భువనేశ్వరో, కటకో వెళ్లాల్సి వస్తోంది.

అక్కడికి వెళ్లాక ఎవరు మాట్లాడతారన్నది అసలు ప్రశ్న. ఒడిశా వైపు ఆసుపత్రిలో డాక్టరు ఒడియాలోనో హిందీలోనో అడుగుతారు. జబ్బు మనిషి ఇంట్లో తెలుగు మాట్లాడే నలభై ఏళ్ల ఆవిడ అనుకుందాం. బజారుకు సరిపడా ఒడియా ఆవిడకు వచ్చు. బియ్యం బేరం ఆడటానికి, బస్సు అడగటానికి అది చాలు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి తెల్లారేదాకా ఏం ఆలోచిస్తూ పడుకుందో చెప్పడానికి చాలదు. పక్కన నిలబడిన భర్తో కొడుకో ఆవిడ తరఫున మాట్లాడతారు. ఆవిడ తెలుగులో, ‘రాత్రుళ్లు నిద్ర లేదు బాబూ, ఇలా ఎన్నాళ్లు, అందరికీ బరువైపోయాను, పోతే బాగుణ్ననిపిస్తోంది’ అంటుంది. అది అవతలికి చేరేసరికి, ‘నిద్ర సరిగా పట్టట్లేదట’ అవుతుంది. డాక్టరు చీటీలో నిద్రమాత్ర ఒకటి చేరుతుంది. ఇందులో ఎవరూ అబద్ధం ఆడలేదు. ఆ మాటలు విన్న భర్తకు అవి తన మీద ఫిర్యాదులా వినిపించాయి, పైగా బయటివాళ్ల ముందు పరువు సంగతి ఒకటి. అందుకే కుదించాడు.

కొడుకు దుబాసి అయితే ఇంకో చిక్కు. షోగ్రెన్స్ ఉన్న ఆడవాళ్లకు కళ్లూ నోరే కాదు, యోని కూడా పొడిబారుతుంది. కాపురం నొప్పిగా మారుతుంది. తుంటి కీళ్లు పట్టేసినవాళ్లకూ అంతే. ఇది కొడుకు చేత చెప్పించే మాట కాదు. కూతురైనా, కోడలైనా అంతే. ఆ సంగతి డాక్టరుకు ఎన్నటికీ చేరదు, అందువల్ల ఇంట్లో పెరిగే దూరమూ చేరదు. సరిహద్దు దాటి విశాఖ వస్తే డాక్టరు తెలుగే మాట్లాడతారు, భాష అడ్డం తొలగుతుంది. తోడు వచ్చిన మనిషి మాత్రం అక్కడా పక్కనే ఉంటాడు, అక్కడా అతనే జవాబు చెబుతాడు. అంటే సమస్య ఒడియాది కాదు, తెలుగుదీ కాదు. ఆవిడ ఒక్కతే డాక్టరుతో కూర్చునే ఐదు నిమిషాలు ఎక్కడా లేకపోవడమే సమస్య. భాష తేడా ఉన్న చోట ఆ లోటు రెట్టింపవుతుంది.

ఇంట్లో కథ పొద్దున్నే మొదలవుతుంది. రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో నిద్ర లేచాక గంట, ఒక్కోసారి అంతకు మించి, కీళ్లు బిగుసుకుని ఉంటాయి. ఇంటి పనంతా కూడా సరిగ్గా ఆ గంటలోనే ఉంటుంది. వాకిలి చిమ్మాలి, బోరింగు కొట్టి నీళ్లు మోయాలి, పిల్లలకు జడలు వేయాలి, జాకెట్టు హుక్కులు పెట్టుకోవాలి. అన్నం ఉడికాక గంజి వార్చాలి. కాలే గిన్నెను రెండు మణికట్ల మీద వంచి, మూత జారకుండా పట్టుకోవాలి. వాచిన మణికట్టుతో అది చేయబోయి కాళ్ల మీద గంజి పోసుకుంటే, ‘చేతిలో సత్తువ లేదు’ అనే మాట పడుతుంది. మధ్యాహ్నానికి బిగువు సడలుతుంది. సాయంత్రానికి ఆవిడ మార్కెట్టుకు వెళ్లి రాగలదు. పొద్దున గిన్నె ఎత్తలేని మనిషి సాయంత్రం సంచీ పట్టుకుని వస్తుంటే చూసేవాళ్లకు అనుమానం రాకుండా ఉంటుందా? ‘పని చెబితేనే నొప్పులు’ అన్న మాట అక్కడి నుంచే పుడుతుంది. జబ్బు స్వభావం తెలిసిన వాళ్లకు ఇది పాఠ్యపుస్తకంలోని లక్షణం. తెలియని ఇంట్లో అదే నేరానికి రుజువు. ఆ మాటలు పడీపడీ ఆవిడకే తన నొప్పి మీద అనుమానం మొదలవుతుంది. కుంగుబాటుకు అంతకంటే మంచి ఎరువు ఉండదు.

దీనికి, వాపు తగ్గించడానికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంకో మెలిక వేస్తుంది. ప్రెడ్నిసొలోన్ నెలల తరబడి వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, బుగ్గలు నిండుతాయి, పొట్ట వస్తుంది. పెళ్లికో పేరంటానికో వెళితే చుట్టాలు పలకరించే తీరు ఒకటే: ‘ఒళ్లు చేశావే, బాగున్నావు ఇప్పుడు!’ మందు చేసిన ఉబ్బును వాళ్లు ఆరోగ్యం అనుకుంటారు. కాదని చెబితే సానుభూతి కోసం అనుకుంటారు, ఔనంటే రేపటి నుంచి పని చేయమంటారు. అద్దంలో తన ముఖం తనది కాదనిపించే అమ్మాయికి ఈ మెచ్చుకోలు ఎలా తగులుతుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడ జబ్బు పేరు తెలియడానికే చాలాకాలం పడుతుంది, దానికి కారణాలు ఈ నేలలోనే ఉన్నాయి. దక్షిణ ఒడిశా కొండ జిల్లాలు చాలాకాలం మలేరియాకు పేరుపడ్డవి. జ్వరమూ ఒళ్లునొప్పులూ అంటే ముందు అదే గుర్తొస్తుంది, కాబట్టి లూపస్ జ్వరానికి మలేరియా మందు పడుతుంది. (లూపస్‌కు ప్రాణమైన హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా పుట్టుకతో మలేరియా మందే కావడం వింత.) చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల పాటు మిగిలే కీళ్లనొప్పులు అచ్చం రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లాగే ఉంటాయి. సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వారసత్వ జబ్బు) ఉన్న కుటుంబాల్లో ఎముకల నొప్పి అంటే దాన్నే అనుకుంటారు. ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు సూది ఒకటి వేస్తాడు, మర్నాటికి మనిషి లేచి తిరుగుతుంది. ఆ సూదిలో ఉన్నది చాలాసార్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. నొప్పి మళ్లీ వస్తే మళ్లీ సూది. లేదంటే మెడికల్ షాపులో నొప్పిమాత్ర. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఉద్దానం కిడ్నీ జబ్బుల్ని కళ్లారా చూసినవాళ్లు నొప్పిమాత్ర అంటే ఇప్పుడు భయపడుతున్నారు. ఆ భయం మంచిదే. అది అసలు మందుల మీదికి కూడా పాకి, మెథోట్రెక్సేట్ మానేసేదాకా వెళ్లినప్పుడు మాత్రం కీళ్లు వంకర తిరగడం మొదలవుతుంది. పేరు లేని జబ్బుతో ఇన్నాళ్లు తిరగడమే మనసును సగం నలగ్గొడుతుంది. చాలామంది రోగులు పేరు తెలిసిన రోజు ఏడుస్తారు, అది భయంతో మాత్రమే కాదు, ఇన్నాళ్లూ తాము నటించలేదని రుజువైనందుకు కూడా.

స్టెరాయిడ్‌కూ మనసుకూ ఉన్న లంకె గురించి కాస్త ఆగి చెప్పాలి. ఎందుకంటే ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం మొదటిసారి స్టెరాయిడ్ మందు అయిన కార్టిసోన్‌ను రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగికి ఇచ్చింది. మంచం పట్టినవాళ్లు లేచి నడిచారు. రెండేళ్లకే, 1950లో, నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తొలి రోజుల్లోనే వైద్యులు గమనించింది ఏమిటంటే, కీళ్ల సడలింపుతో పాటు కొందరిలో పొంగిపోయే ఉత్సాహం, నిద్ర లేకపోవడం, కొందరిలో మతిచలనం. 1972లో బోస్టన్ పరిశోధకులు ఆసుపత్రిలో చేరినవాళ్లను డోసు ప్రకారం లెక్క తీశారు. రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు ప్రెడ్నిసోన్ తీసుకున్నవాళ్లలో 1.3 శాతం మందికి మానసిక లక్షణాలు వచ్చాయి. 41 నుంచి 80 మధ్య 4.6 శాతం. 80 దాటితే 18.4 శాతం. సాధారణంగా ఇవి మొదలుపెట్టిన మొదటి రెండు మూడు వారాల్లోనే బయటపడతాయి. ఉన్నట్టుండి ఎక్కువ మాట్లాడటం, నిద్రపోకపోవడం, చిన్నదానికి కోపం, ఎవరో తనను చంపుతారన్న అనుమానం, ఇలా. దీన్ని చూసి భయపడి ఇంట్లోవాళ్లు మాత్ర టక్కున ఆపేస్తే అది ఇంకో గండం. నెలల తరబడి బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే ఒంట్లో సహజంగా దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథి తన పని మానేసి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి మనిషి పోవచ్చు. మెల్లగా, డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించాలి.

లూపస్‌లో ఇదే లక్షణం మరో దారిలోనూ వస్తుంది. జబ్బు మెదడునే పట్టుకోవచ్చు. మూర్ఛలు, గందరగోళం, లేనివి కనిపించడం, వినిపించడం, ఇలా మెదడుకూ నరాలకూ సంబంధించిన 19 రకాల స్థితుల్ని అమెరికన్ రుమటాలజీ కాలేజీ 1999లో వర్గీకరించింది. లూపస్ వల్ల మతి చెదిరితే స్టెరాయిడ్ పెంచాలి. స్టెరాయిడ్ వల్ల చెదిరితే తగ్గించాలి. రక్షణశక్తిని అణిచే మందులు వాడుతున్నవాళ్లకు మెదడు పొరల్లో టీబీ లాంటి ఇన్‌ఫెక్షన్ వచ్చినా ఇలాగే కనిపిస్తుంది, దానికి వైద్యం ఇంకొకటి. మూడింటికీ పైకి కనిపించే తీరు ఒకటే, చేయాల్సిన పని వేర్వేరు. రుమటాలజిస్టు, సైకియాట్రిస్టు, న్యూరాలజిస్టు కూర్చుని తేల్చాల్సిన విషయం ఇది. కానీ రాయగడ కొండల దగ్గర పల్లెలో పాతికేళ్ల కోడలు రాత్రికి రాత్రి సంబంధం లేకుండా మాట్లాడటం మొదలుపెడితే ముందు పిలిచేది దిసారినో (గిరిజన పూజారి, వైద్యుడు), భూతవైద్యుణ్నో. గాలి సోకిందంటారు. వేపమండలు, బూడిద, ఒక్కోసారి వాతలు. నెల క్రితం ముఖం మీద సీతాకోకచిలుక ఆకారంలో వచ్చిన ఎర్రమచ్చను, రాలిపోతున్న జుట్టును, నోట్లో పుళ్లను ఈ గాలితో కలిపి చూసేవాళ్లు ఉండరు. కలిపి చూసే ఆశా కార్యకర్త ఒకరుంటే చాలు, ఆ కుటుంబం దారి మారుతుంది. దిసారి దగ్గరికి వెళ్లవద్దని కొట్లాడక్కర్లేదు, అక్కడి నుంచి ఆసుపత్రికి ఎంత తొందరగా బండెక్కారన్నదే లెక్క.

పెళ్లి కావాల్సిన ఆడపిల్లల విషయంలో మౌనం ఇంకా గట్టిది. జబ్బు సంగతి సంబంధం కుదిరేదాకా చెప్పొద్దంటారు, కుదిరాక అసలే చెప్పొద్దంటారు. అత్తారింట్లో మాత్రలు దాచుకుని వేసుకునే కోడళ్లు ఉన్నారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ వాడుతూ గర్భం వస్తే బిడ్డకు ప్రమాదం, అందుకే ముందుగా చెప్పి మానాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ అలా కాదు, లూపస్ ఉన్నవాళ్లు గర్భంతో ఉన్నప్పుడు కూడా దాన్ని కొనసాగించడమే మంచిది. ఈ తేడా తెలియాలంటే డాక్టరుతో మాట్లాడాలి, మాట్లాడాలంటే దాచడం ఆగాలి. దాచడంలో ఉండే టెన్షన్ ఒకటైతే, దాచడం కోసం మందు మానేసి జబ్బు తిరగబడటం మరొకటి. ‘పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి’ అనే పెద్దల మాటకు వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదు.

మగవాళ్ల గురించి ఇంత రాయరు. అది లోపమే. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఎక్కువగా కుర్రవాళ్లకు, ఇరవైలలో మొదలవుతుంది. తెల్లవారుజామున నడుంనొప్పితో మెలకువ రావడం, కదిలితే తగ్గడం, పడుకుంటే పెరగడం దాని గుర్తు. గంజాం జిల్లా నుంచి సూరత్ పవర్‌లూమ్‌లకు వెళ్లేవాళ్లు లక్షల్లో ఉంటారు. పన్నెండు గంటల షిఫ్టులో నిలబడే కుర్రాడికి నడుం పట్టేస్తే అది పని అలుపే అనుకుంటాడు. కొన్నేళ్లకు వంగలేని స్థితిలో ఇంటికి చేరతాడు. ఇంటికి డబ్బు పంపిన మనిషి ఇంట్లో కూర్చుని తినే మనిషి అయ్యాక ‘బెంగగా ఉంది’ అని నోటితో అనడు. చిరాకు పడతాడు, తాగుతాడు. మెథోట్రెక్సేట్‌తో తాగుడు లివర్‌కు చేటు కాబట్టి డాక్టరు దాన్ని చెడు అలవాటుగా రాసుకుంటారు. దాని వెనక డిప్రెషన్ ఉందేమో అని చూసేది తక్కువ.

మనసును పట్టించుకోకపోతే కీళ్ల వైద్యం కూడా దారి తప్పుతుంది, ఇది రుమటాలజిస్టులే గమనించిన సంగతి. మొదట చెప్పిన నాలుగు అంశాల స్కోరులో వాపునూ ఈఎస్‌ఆర్‌నూ డాక్టరు చూస్తారు, నొప్పినీ ‘ఎలా ఉంది’ అన్న అంకెనూ రోగి చెబుతారు. కుంగుబాటులో ఉన్న మనిషికి నొప్పి ఎక్కువగా తెలుస్తుంది, ఆ అంకె కూడా పెద్దదే చెబుతారు. వాపు తగ్గినా స్కోరు దిగదు. డాక్టరు మందు పనిచేయలేదనుకుని ఇంకా ఖరీదైన, ఇంకా బలమైన మందుకు వెళతారు. వాపు అంకెలు మంచిగా ఉండి నొప్పి అంకెలు మాత్రమే పైన నిలిచినప్పుడు, కొత్త మందు రాసేముందు ఫైబ్రోమయాల్జియా (వాపు లేకుండానే ఒళ్లంతా నొప్పులుండే జబ్బు) ఉందా, డిప్రెషన్ ఉందా, నిద్ర ఉందా అని అడగడం పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంకో వైపు నుంచి, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు మందులు తప్పకుండా వేసుకోవడమూ తగ్గుతుంది. రెండు జబ్బులూ ఒకదాన్నొకటి మేపుతాయి.

వైద్యం ఉంది. వాపు అదుపులోకి రావడమే మనసుకు మొదటి మందు. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు వాడినవాళ్లలో కుంగుబాటు కూడా కొంత తగ్గిందని అధ్యయనాలు చూపాయి, కొంతే. మిగతాదానికి విడిగా చికిత్స కావాలి. ఆలోచనల తీరును, రోజువారీ పనుల్ని మెల్లగా సరిదిద్దే మాటల చికిత్స నొప్పితో బతికేవాళ్లకు ఉపయోగపడుతుంది. ఓపిక మేరకు నడక, వ్యాయామం అలసటను పెంచవు, తగ్గిస్తాయి. ఇది చాలామంది నమ్మరు. డిప్రెషన్ మాత్రలూ పనిచేస్తాయి. వాటిలో డ్యులాక్సెటిన్ లాంటివి నొప్పిని కూడా తగ్గిస్తాయి. రాసే డాక్టరుకు పాత చీటీలన్నీ చూపించడం మాత్రం తప్పనిసరి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రలతో నొప్పిమాత్రలు కలిస్తే కడుపులో రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. ఎస్సిటలోప్రామ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రెండూ గుండె లయ మీద పనిచేస్తాయి కాబట్టి ఒక ఈసీజీ తీయించడం మంచిది. ఒక చీటీ బరంపురంలో, ఇంకోటి విశాఖలో రాసినప్పుడు ఈ కలయికలు ఎవరి కంటా పడవు. అన్ని చీటీలూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టి ప్రతిసారీ తీసుకెళ్లే అలవాటు సరిహద్దు జిల్లాల వాళ్లకు మరీ అవసరం.

డబ్బు సంగతి సూటిగా ఉంటుంది. ఆయుష్మాన్ భారత్ లాంటి కార్డులు ఆసుపత్రిలో చేరితే పనికొస్తాయి. ఈ జబ్బులు ఎక్కువగా ఓపీలో నడిచేవి. నెలనెలా మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, ఏటా కంటి పరీక్ష, ప్రయాణాలు, తోడు వచ్చినవాళ్ల కూలి నష్టం. అలాంటి కార్డులు వీటిని మొయ్యవు. ఒడిశా ప్రభుత్వాసుపత్రుల్లో ‘నిరామయ’ పథకం కింద కొన్ని మందులు ఉచితంగా దొరుకుతాయి, అడిగి తీసుకోవాలి. మానసిక వైద్యానికి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి దేశంలో నడుస్తోంది. 2015-16 జాతీయ సర్వే ప్రకారం మామూలు మానసిక సమస్యలున్నవాళ్లలో 80 శాతానికి పైగా వైద్యం అందనివాళ్లే. కీళ్లజబ్బు రోగులు ఎలాగూ నెలకోసారి ఆసుపత్రి మెట్లు ఎక్కుతూనే ఉంటారు. వాళ్లను కూడా పట్టుకోలేకపోతే మిగతావాళ్ల మాట చెప్పక్కర్లేదు.

పట్టుకునే సాధనం కొత్తగా కనిపెట్టక్కర్లేదు. బీపీ, షుగర్ సర్వే కోసం ఆశా కార్యకర్తలు నింపే ఫారంలోనే రెండు ప్రశ్నలున్నాయి. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా, మనసు కుంగి నిరాశగా అనిపించిందా అని. నిమిషంలో అయిపోతుంది. అయితే ఆ ఫారం 30 ఏళ్లు నిండినవాళ్లకు. లూపస్, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మొదలయ్యేది ఎక్కువగా అంతకు ముందే. కీళ్లజబ్బు మందులు వాడే ఎవరినైనా వయసుతో పని లేకుండా ఈ రెండు ప్రశ్నలూ అడగమని జిల్లా అధికారులు ఒక ఆదేశం ఇస్తే ఖర్చేమీ పెరగదు. ఆసుపత్రిలో అయితే తెలుగు వచ్చిన నర్సో ఆయమ్మో ఉండనే ఉంటారు ఈ ఊళ్లల్లో. తోడు వచ్చినవాళ్లను మందుల కౌంటరుకు పంపి, ఆ ఐదు నిమిషాల్లో ఈ ప్రశ్నలు ఆ నర్సు చేత అడిగించవచ్చు. ‘పోతే బాగుణ్ను’ అన్న మాట వినిపిస్తే ఆ రోజే సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి, వచ్చే నెల దాకా ఆగకూడదు.

ఆసుపత్రి దాకా రాలేనివాళ్లకు 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ ఉంది. నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. ఒడిశాలో ఉండి చేసినా భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోవచ్చు. ఫోన్ చేసేటప్పుడు కీళ్లజబ్బు పేరు, వాడుతున్న మాత్రల పేర్లు, ముఖ్యంగా స్టెరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములో, ఎప్పటి నుంచో చెప్పాలి. అవతలివాళ్లు అడగకపోయినా చెప్పాలి.